37 ఏళ్లకు బిజినెస్ స్కూల్‌కి మళ్లీ అప్లై చేస్తున్నాను – పోయినసారి ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి

సాగరతీరం (విశాఖపట్నం)
ఆగస్టు 2, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు రెండేళ్లుగా చదువుతున్నాను. రాయడం మాత్రం ఇదే మొదలు.

నా వయసు 37. మెకానికల్ ఇంజినీర్ని. పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా యుటిలిటీస్, మెయింటెనెన్స్ చూస్తున్నాను. బాయిలర్లు, చిల్లర్లు (నీళ్లు చల్లబరిచే యంత్రాలు), కంప్రెసర్లు, కూలింగ్ టవర్లు, ఇదే నా పని. ఇప్పుడు మేనేజర్ని, నా కింద 22 మంది ఉన్నారు. జీతం ఏడాదికి 15 లక్షలు.

పోయినేడాది ఒక పేరున్న బిజినెస్ స్కూల్లో ఏడాది కోర్సుకి అప్లై చేశాను. ఇంటర్వ్యూకి పిలిచారు. పిలిచారంటే వచ్చేసినట్టేనని ఇంట్లో అందరం అనుకున్నాం. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తింటుండగా మెయిల్ వచ్చింది. సీటు ఇవ్వలేకపోతున్నామని రెండు పేరాలు. ఎందుకు ఇవ్వలేదో లేదు. ప్లేట్ అలాగే వదిలేసి లేచి వచ్చేశాను.

వివరాలు చెబుతాను. జీమ్యాట్ (బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) 605. అప్లికేషన్‌తో పంపే ఎస్సేలో కోర్సు తర్వాత కన్సల్టింగ్‌కి (కంపెనీలకి సలహాలిచ్చే పనికి) వెళ్తానని రాశాను. ఇంటర్వ్యూలో ఒకాయన అడిగారు: "మీకంటే పదేళ్లు చిన్నవాళ్లు పక్కన కూర్చుంటారు. ఒక్కోసారి మీ గ్రూపుకి వాళ్లే లీడర్. ఎలా సర్దుకుంటారు?" నేను "వయసు అడ్డు కాదండీ, నేర్చుకోవాలన్న తపన ఉంటే చాలు" అన్నాను. ఆయన తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ తలూపడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఈసారి మళ్లీ వేయాలని ఉంది. నా వయసే సమస్యా? జీమ్యాట్ మళ్లీ రాయాలా? అదే స్కూలుకి వేయాలా, వేరేవాటికా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బన్నేరుఘట్ట (బెంగళూరు)
ఆగస్టు 2, రాత్రి 11:25

సాగరతీరం గారూ, ముందు వయసు సంగతి చూద్దాం. నాకూ మొదటిసారి రాలేదు. రెండో ప్రయత్నంలో, 35 ఏళ్లప్పుడు, బెంగళూరు ఐఐఎంలో ఈపీజీపీ అనే, అనుభవం ఉన్నవాళ్ల ఏడాది కోర్సులో సీటు వచ్చింది. దానికి కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలి కాబట్టి కాలేజీ నుంచి నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు క్లాసులో ఉండరు. నా ప్రాజెక్ట్ గ్రూపులో ఒకాయనకి 39, నేవీ నుంచి వచ్చారు.

కలకత్తా ఐఐఎం ఎంబీఏఈఎక్స్, లక్నో ఐపీఎంఎక్స్ కూడా 5 ఏళ్లు అడుగుతాయి. అహ్మదాబాద్ పీజీపీఎక్స్ 4 ఏళ్లు. అదే హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీలో పీజీపీకి 24 నెలల అనుభవం చాలు. అంటే అక్కడ మీకు పోటీ వచ్చేది 26, 27 ఏళ్లవాళ్లు. 37 ఏళ్లవాళ్లని తీసుకోరని నేను అనడం లేదు. కానీ 14 ఏళ్ల అనుభవం బరువు తెలిసిన చోట అప్లై చేస్తే మీరు చెప్పే మాట త్వరగా అర్థమవుతుంది. నేను మొదటిసారి చేసిన పొరపాటు అదే. పేరు చూసి వేశాను, క్లాసులో ఎవరుంటారో చూడలేదు.

కొత్తబ్యాటరీ (హైదరాబాద్)
ఆగస్టు 3, ఉదయం 6:10

అన్నా, జీమ్యాట్ ఏ పుస్తకాలతో చదివారు? ఇది ముఖ్యం. 2023 నవంబర్ నుంచి పరీక్ష మారిపోయింది. ఇప్పుడు 3 సెక్షన్లు: క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్. ఒక్కోదానికి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు, జామెట్రీ తీసేశారు, ఎస్సే రాయించడం లేదు. స్కోరు 205 నుంచి 805 వరకు. పాత పరీక్షలో 700 అంటే ఇప్పుడు దాదాపు 645.

నేను రోజూ ఆఫీసుకి వెళ్లేముందు చదువుతున్నాను. డేటా ఇన్‌సైట్స్‌లోనే చాలామందికి మార్కులు పోతున్నాయి. టేబుళ్లు, గ్రాఫులు, రెండు, మూడు ట్యాబుల్లో రకరకాల సమాచారం ఇచ్చి అడుగుతారు. కాలిక్యులేటర్ ఆ ఒక్క సెక్షన్‌లోనే ఉంటుంది.

సాగరతీరం
ఆగస్టు 3, ఉదయం 7:02

తమ్ముడూ, మా బావమరిది ఇచ్చిన పాత పుస్తకంతో చదివాను. జామెట్రీకే నెల రోజులు పెట్టాను. సెంటెన్స్ కరెక్షన్ ఇంకో నెల. పరీక్ష హాల్లో కూర్చున్నాక అవేవీ రాలేదు. డేటా ఇన్‌సైట్స్ అసలు ప్రాక్టీసే చేయలేదు. ఎవరినీ అడక్కుండా నాకు తెలుసనుకోవడం నా తప్పే.

కొత్తబ్యాటరీ
ఆగస్టు 3, ఉదయం 7:15

అయితే 605 మీ అసలు స్కోరు కానే కాదు అన్నా. మళ్లీ రాయండి. మీరు రోజూ ప్లాంట్లో లాగ్‌షీట్లు, ట్రెండ్లు చూసే మనిషి. డేటా ఇన్‌సైట్స్ మీకు అందరికంటే తేలిగ్గా రావాలి.

మూసీఒడ్డు (నల్లగొండ)
ఆగస్టు 3, మధ్యాహ్నం 1:30

నేను వేరే మాట చెబుతాను, మనసులో పెట్టుకోకండి అన్నా. మీ మంచి కోరే చెబుతున్నాను.

ఏడాది కోర్సు అంటే ఫీజు, హాస్టల్ కలిపి 30 నుంచి 40 లక్షలు. ఆ ఏడాది జీతం రాదు కాబట్టి ఇంకో 15 లక్షలు పోయినట్టే. 50 లక్షలు పెట్టి 38 ఏళ్లకు బయటికొస్తే, క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు 28 ఏళ్లవాళ్లకి ఇచ్చే ఉద్యోగమే మీకూ చూపిస్తే ఏం చేస్తారు? మా అన్న ఇలాగే చదివాడు. చదువు బాగా చదివాడు. కానీ తిరిగి పాత స్థాయి ఉద్యోగమే దొరికింది, అప్పు అదనం. మూడేళ్లు ఇంట్లో పండగ సరిగ్గా చేసుకోలేదు.

విశాఖలోనే ఐఐఎం ఉంది. గంభీరంలో క్యాంపస్. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకి అక్కడ ఎగ్జిక్యూటివ్ కోర్సు ఉంది. ఐఎస్‌బీలో కూడా వారాంతాల్లో నడిచే పీజీపీప్రో, పదేళ్ల అనుభవం దాటినవాళ్లకి పీజీపీమ్యాక్స్ ఉన్నాయి. జీతం వదలకుండా చదవొచ్చు కదా? ఈ దారి ఎందుకు వద్దనుకున్నారో చెప్పండి.

మిర్చియార్డు (గుంటూరు)
ఆగస్టు 3, రాత్రి 9:05

నేను ఒక బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూస్తాను. మూసీఒడ్డు గారి భయం సరైనదే, లెక్కలు కూడా దగ్గరగానే ఉన్నాయి. నా వైపు నుంచి కొన్ని చెబుతాను.

35 లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు 46,000 పైన కట్టాలి. పదిహేనేళ్లు పెట్టుకుంటే 37,600 దాకా తగ్గుతుంది కానీ మీకు 53, 54 ఏళ్లు వచ్చేదాకా కడుతూనే ఉంటారు. పిల్లలుంటే ఆలోపు ఇంజినీరింగో మెడిసినో అంటారు. మీ వయసులో లోన్ అడిగేవాళ్లకి నేను ముందు చూపించేది ఈ లెక్కే. కోర్సు తర్వాత వచ్చే జీతం ఎంతుంటుందో ఊహించుకుని కాదు, ఇప్పటి జీతమే మళ్లీ వచ్చినా కట్టగలరా అని చూసుకోండి.

పేరున్న సంస్థలకి తాకట్టు లేకుండా ఇచ్చే పథకాలున్నాయి, ఎస్‌బీఐ స్కాలర్ లోన్ లాంటివి. కానీ సంస్థ పేరు జాబితాలో ఉంటే సరిపోదు, మీరు చేరే కోర్సు కూడా ఉండాలి. సీటు వచ్చాక పరుగులు పెట్టకుండా ఇప్పుడే బ్రాంచికి వెళ్లి అడగండి. కట్టిన వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. దానికి పరిమితి లేదు, కట్టడం మొదలైన ఏడాదితో కలిపి 8 ఏళ్లు. అసలు మీద రాదు, పాత పన్ను విధానంలో ఉంటేనే వస్తుంది. మా కౌంటర్ దగ్గర ఈ రెండో సంగతి తెలియక బాధపడేవాళ్లని ప్రతి మార్చిలో చూస్తాను.

తెల్లకాగితం (హైదరాబాద్)
ఆగస్టు 3, రాత్రి 10:50

నాయనా సాగరతీరం, నేను 30 ఏళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసి రిటైరయ్యాను. మేనేజ్‌మెంట్ కాలేజీల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో చాలాసార్లు కూర్చున్నాను. అవతలి కుర్చీలోంచి ఏం కనిపిస్తుందో చెబుతాను.

మీ జీమ్యాట్ వల్ల సీటు పోలేదని నా నమ్మకం. ఇంటర్వ్యూకి పిలిచారంటే ఆ స్కోరుతోనే పిలిచారు కదా. పోయింది రెండు జవాబుల దగ్గర.

ఒకటి, కన్సల్టింగ్. 37 ఏళ్ల మనిషి, 14 ఏళ్లు ఒకే రంగంలో ఉన్నవాడు, కన్సల్టింగ్ అనగానే ప్యానెల్‌కి వచ్చే మొదటి అనుమానం "ఇతను ఎవరో రాసింది చూసి రాశాడా" అని. ఆ కంపెనీలు క్యాంపస్‌లో ఎక్కువగా తీసుకునేది కుర్రవాళ్లని. అది ప్యానెల్‌కి తెలుసు. మీకు తెలియదని వాళ్లకి తెలిసిపోయింది.

రెండు, వయసు ప్రశ్నకి మీ జవాబు. అందులో అబద్ధం లేదు, కానీ అందులో మీరూ లేరు. ఆ మాట ఎవరైనా అనగలరు. ఆయన అడిగింది మీ అభిప్రాయం కాదు, మీ జీవితంలో జరిగిన ఒక సంఘటన.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. తొందరపడకుండా ఆలోచించి రాయండి. ఈ 14 ఏళ్లలో మీరు లేకపోతే జరగని పని ఏది?

లేమన్‌సరస్సు (లోజాన్)
ఆగస్టు 4, తెల్లవారుజాము 3:15

విదేశాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కొంచెం చెబుతాను. నేను స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఐఎండీ అనే బిజినెస్ స్కూల్లో చదివాను, ఇక్కడే స్థిరపడ్డాను. మా క్లాసు చిన్నది, సగటు వయసు 31. నాకు 34. ఎవరూ వింతగా చూడలేదు. ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్‌ది పదినెలల కోర్సు, అక్కడ సగటు 29 దగ్గర ఉంటుంది. అమెరికాలో అనుభవజ్ఞుల కోసమే విడిగా ఏడాది కోర్సులున్నాయి. స్టాన్‌ఫర్డ్ ఎంఎస్‌ఎక్స్ 8 ఏళ్లు, ఎంఐటీ స్లోన్ ఫెలోస్ 10 ఏళ్లు అడుగుతాయి. మీరు దేనికైనా అర్హులే.

కానీ నా సలహా, పరవాడలో పనిచేసిన మనిషికి భవిష్యత్తు పని కూడా మన దగ్గరే ఉంటే ఇక్కడిదాకా రావద్దు. నాకు చదువు తర్వాత ఉద్యోగం దొరకడానికి నెలలు పట్టింది. వీసా గడువు దగ్గరపడుతుంటే రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. అమ్మకి ఫోన్లో అంతా బాగుందని చెప్పేవాణ్ణి. తెల్లకాగితం గారి ప్రశ్నకి జవాబు రాయండి, దాన్నిబట్టే ఏ దేశమో తేలుతుంది.

సాగరతీరం
ఆగస్టు 5, రాత్రి 11:48

రెండు రోజులు ఆలోచించాను. తెల్లకాగితం గారూ, ఇది చెప్పుకోదగ్గదో కాదో మీరే చెప్పండి.

మా ప్లాంట్లో మూడో బ్లాక్ వెనక ఒక కాలువ ఉండేది. డిసెంబర్ పొద్దుట వెళ్తే ఆ కాలువలోంచి పొగలు వచ్చేవి. రియాక్టర్లకి ఇచ్చిన స్టీమ్ చల్లబడి నీరవుతుంది కదా, ఆ కండెన్సేట్ అంతా అందులోకి పోయేది. ఒకరోజు థర్మామీటర్ పెట్టి చూస్తే 85 డిగ్రీలు. అదే సమయంలో బాయిలర్ ఫీడ్ ట్యాంకులో నీరు 38 డిగ్రీలు. అంటే ఉడికిన నీళ్లు పారబోసి, చల్లనీళ్లని బొగ్గుతో మళ్లీ కాస్తున్నాం. ఫీడ్ వాటర్ వేడి 6 డిగ్రీలు పెరిగితే బొగ్గు సుమారు 1 శాతం ఆదా అవుతుందని మా పనిలో అందరికీ తెలిసిన లెక్క.

నేను ప్రతిపాదన పెడితే క్వాలిటీ వాళ్లు ఒప్పుకోలేదు. రియాక్టర్ కాయిల్ ఎక్కడైనా లీకైతే రసాయనం ఆ నీళ్లలో కలిసి బాయిలర్‌లోకి వస్తుందని వాళ్ల భయం. న్యాయమైన భయమే. అందుకని లైన్ మీద కండక్టివిటీ మీటర్, దానికి ఒక ఆటోమేటిక్ వాల్వ్ పెట్టించాను. నీరు ఏమాత్రం తేడాగా ఉన్నా దానంతట అదే డ్రైన్‌లోకి మళ్లుతుంది. 180 మీటర్ల పైపు, ఒక ట్యాంకు, రెండు పంపులు. క్వాలిటీ, ప్రొడక్షన్, ఫైనాన్స్ అందరినీ ఒప్పించడానికి 11 నెలలు పట్టింది, పని మాత్రం 6 వారాల్లో అయింది. ఫీడ్ ట్యాంకు 74 డిగ్రీలకి చేరింది. పెట్టిన డబ్బు 7 నెలల్లో తిరిగి వచ్చింది.

ఆ తర్వాత బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) వాళ్ల ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాశాను. నాలుగు పేపర్లు. పాసయ్యాను. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తెలిసినవాళ్లు ఆదివారాలు పిలుస్తుంటారు, వెళ్లి చూసి చెబుతుంటాను. డబ్బు తీసుకోను.

తెల్లకాగితం
ఆగస్టు 6, ఉదయం 5:40

ఇది అప్లికేషన్‌లో ఎక్కడ రాశారు?

సాగరతీరం
ఆగస్టు 6, ఉదయం 6:05

రెజ్యూమెలో రెండో పేజీలో ఒక లైన్ ఉంది: "కండెన్సేట్ రికవరీ ప్రాజెక్ట్ పూర్తి చేశాను." ఆడిటర్ సర్టిఫికెట్ గురించి రాయలేదు. ఎంబీఏకి దానితో సంబంధం లేదనుకున్నాను.

బన్నేరుఘట్ట
ఆగస్టు 6, ఉదయం 8:20

సార్, చదువుతూ ఉంటే నాకు ఒళ్లు జలదరించింది. మా క్లాసులో మూడు డిపార్ట్‌మెంట్లని 11 నెలలు కూర్చోబెట్టి ఒప్పించిన అనుభవం గురించి ఎవరైనా చెబితే ప్రొఫెసర్ ఆ పీరియడ్ అంతా దానికే ఇచ్చేసేవారు. మీరు దాన్ని ఒక లైన్లో రాశారు!

ఆదివారాలు పిలుస్తారన్నారే, అక్కడ ఇంకొంచెం చెప్పండి. మీరు చెప్పాక వాళ్లు చేయిస్తున్నారా?

సాగరతీరం
ఆగస్టు 6, రాత్రి 9:30

అదే నా బాధ. పదిమందికి చెబితే ఇద్దరు చేయిస్తారు. మిగతావాళ్లు "బాగుంది సార్, కానీ ఇప్పుడు డబ్బు పెట్టలేం" అంటారు. చిన్న ఫ్యాక్టరీలు అవి. ఆదా అయ్యే డబ్బు కళ్ల ముందు కనిపిస్తున్నా మొదట పెట్టడానికి చేతిలో ఉండదు.

ఎస్కో అని ఒక పద్ధతి ఉంది. ఆ కంపెనీ తన డబ్బుతోనే పరికరాలు పెట్టి, ఆదా అయిన కరెంటు, బొగ్గు ఖర్చులో వాటా తీసుకుంటుంది. చిన్న ఫ్యాక్టరీల కోసం అలాంటిది మొదలుపెట్టాలని నా మనసులో ఉంది. పైప్ ఎంత లావు ఉండాలో నాకు తెలుసు. కానీ బ్యాంకు దగ్గర ఆ డబ్బు ఎలా తేవాలి, కాంట్రాక్టు ఎలా రాయాలి, ఆదా ఎంతయిందో ఇద్దరూ ఒప్పుకునేలా ఎలా కొలవాలి, ఫ్యాక్టరీ మధ్యలో మూతపడితే నష్టం ఎవరిది, ఇవి నాకు తెలియవు. 2022లో ఎనర్జీ కన్జర్వేషన్ చట్టం మార్చి కార్బన్ క్రెడిట్ల (పొగ తగ్గించినందుకు వచ్చే, అమ్ముకోదగ్గ సర్టిఫికెట్ల) వ్యాపారానికి దారి వేశారు. 2023లో పథకం నోటిఫై చేశారు. ఈ పని ఇంక పెరిగేదే. నాకు చదువు అందుకే కావాలి.

తెల్లకాగితం
ఆగస్టు 6, రాత్రి 10:15

నాయనా, ఇప్పుడు మీరు రాసిన రెండో పేరానే మీ ఎస్సే. కన్సల్టింగ్ మాట తీసేయండి. "ఇప్పుడే ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు ఉంది, "ఎంబీఏ ఎందుకు" అన్నదానికీ ఉంది. 27 ఏళ్ల కుర్రవాడు ఈ మాట చెప్పలేడు. మీ వయసు మీ అప్లికేషన్‌కి బరువు ఇచ్చేది ఇక్కడే.

మళ్లీ అప్లై చేసేవాళ్లని అన్ని స్కూళ్లూ దాదాపు ఒకే ప్రశ్న అడుగుతాయి, పోయినసారి నుంచి ఏం మారిందని. కొత్త స్కోరు ఒక మార్పు. కానీ ఏం చేయాలో స్పష్టత రావడం అంతకంటే పెద్ద మార్పు. పాత అప్లికేషన్ వాళ్ల దగ్గరే ఉంటుంది, పక్కన పెట్టుకుని చదువుతారు. అందుకని కన్సల్టింగ్ అని ఎందుకు రాశారో, ఎందుకు వదిలేశారో కూడా దాచకుండా ఒప్పుకోండి.

మూసీఒడ్డు
ఆగస్టు 7, మధ్యాహ్నం 2:10

అన్నా, మొన్న నేను అన్నది కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. ఉద్యోగం మారడానికి 50 లక్షలు అంటే ఇప్పటికీ వద్దనే అంటాను. కానీ మీరు సొంతంగా మొదలుపెడతామంటున్నారు. అయితే ఇంకో భయం. నెలకు 46,000 కట్టాల్సినవాడు కొత్త కంపెనీ ఎలా పెడతాడు? చదువు కాగానే రెండు, మూడేళ్లు అదే రంగంలో ఎక్కడైనా పనిచేసి, అప్పు సగం తీర్చి, తర్వాత పెట్టండి. ఎస్సేలో కూడా అలాగే రాయండి, నమ్మేలా ఉంటుంది. ఇంటి దగ్గరి ఐఐఎం కోర్సు మాత్రం జాబితాలోంచి తీయకండి.

వేపచెట్టు (కరీంనగర్)
ఆగస్టు 7, సాయంత్రం 6:45

అందరూ లెక్కలు, ఎస్సేల గురించే మాట్లాడుతున్నారు. మీ ఇంట్లో ఆవిడ ఏమంటున్నారు? అది మీరు ఎక్కడా రాయలేదు.

నాదీ ఇదే దారి, అందుకే అడుగుతున్నాను. నాకు 39. పిల్లలు పుట్టాక 6 ఏళ్లు ఉద్యోగం మానేశాను, మళ్లీ చేరి 3 ఏళ్లయింది. పోయినేడాది అప్లై చేస్తే రాలేదు. ఆ 6 ఏళ్ల గ్యాప్ గురించి ఒక పేజీ రాశాను. ఎక్కువైందేమో.

తెల్లకాగితం
ఆగస్టు 7, రాత్రి 8:30

అమ్మా, ఎక్కువే. రెండు వాక్యాలు చాలు. పిల్లల్ని పెంచడానికి ఆగాను, ఫలానా సంవత్సరం తిరిగి చేరాను. క్షమాపణ చెప్పే గొంతు వద్దు. తిరిగొచ్చాక ఈ మూడేళ్లలో ఏం చేశారో దానికి మిగతా పేజీ ఇవ్వండి. ఆరేళ్ల తర్వాత వచ్చి మూడేళ్లు నిలబడ్డారంటే అక్కడ చెప్పుకోవాల్సింది చాలా ఉంటుంది. విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా చదువుతాను.

సాగరతీరం
ఆగస్టు 7, రాత్రి 10:20

వేపచెట్టు గారూ, మంచి ప్రశ్న అడిగారు. మా ఆవిడ సబ్బవరం దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్. తన జీతంతో ఇల్లు గడుస్తుంది, పాప ఐదో తరగతి. నిన్న రాత్రి ఈ చర్చ అంతా తనకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "పోయినసారి ఆ మెయిల్ వచ్చాక నువ్వు ఆరు నెలలు మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఈసారి రాకపోయినా మాట్లాడతానంటేనే వెయ్యి." నాకు కళ్లు చెమర్చాయి. అంత దూరం పోయానని నాకే తెలియలేదు. మాట ఇచ్చాను.

ఇంకో సందేహం. పోయినసారి రికమెండేషన్ అడిగితే మా పై అధికారి "నువ్వే రాసుకురా, నేను సబ్మిట్ చేస్తా" అన్నారు. అలాగే చేశాం. ఈసారీ ఆయన్నే అడగాలా?

బన్నేరుఘట్ట
ఆగస్టు 7, రాత్రి 11:00

ఈసారి మీరు రాయొద్దు. అది నియమాలకి విరుద్ధం, పైగా పట్టుబడుతుంది. ఎస్సే, రికమెండేషన్ రెండింట్లో ఒకే మాటతీరు ఉంటే చదివేవాళ్లకి తెలిసిపోతుంది. "కష్టపడతాడు, నిజాయితీపరుడు, టీమ్ ప్లేయర్" అని రాసుకుని ఉంటారు, అవునా? మన గురించి మనం రాసుకుంటే అంతకంటే ముందుకి వెళ్లలేం, మొహమాటం అడ్డొస్తుంది.

నేనైతే ఇలా చేశాను. మా మేనేజర్ని ఒక సాయంత్రం టీకి తీసుకెళ్లి, రాయమని అడక్కుండా, ముందు పాత సంగతులు గుర్తుచేశాను. ఫలానా రోజు సర్వర్ పడిపోయినప్పుడు ఏం చేశాం, ఫలానా క్లయింట్ అరిచినప్పుడు ఏమయింది అని. ఆయనే "అవును, ఆ రోజు నువ్వు ఇలా అన్నావు" అంటూ నేను మర్చిపోయినవి చెప్పారు. అవే రాశారు. అందులో నా లోపం కూడా ఒకటి రాశారు, దానివల్ల మిగతావి నమ్మేలా ఉన్నాయి. మీకైతే మొదట్లో ఒప్పుకోని ఆ క్వాలిటీ హెడ్‌ని అడగండి. ఎదురు నిలిచిన మనిషి చెప్పే మాటకి విలువ ఎక్కువ.

సాగరతీరం
సెప్టెంబర్ 21, రాత్రి 9:50

ఆలస్యానికి క్షమించండి. ప్లాంట్లో వార్షిక షట్‌డౌన్, దానితోపాటు చదువు. ఉదయం 4:30కి లేచి 6:30 వరకు కూర్చున్నాను. కొత్తబ్యాటరీ తమ్ముడు ఆదివారాలు ఫోన్లో డేటా ఇన్‌సైట్స్ చెప్పాడు. మొన్న పరీక్ష రాశాను, 655 వచ్చింది. తమ్ముడూ, ఈ 50 పాయింట్లలో నీ వాటా పెద్దది.

క్వాలిటీ హెడ్‌ గారిని అడిగాను. "అప్పుడు నిన్ను ఎన్ని మాటలన్నానో గుర్తుందా?" అన్నారు. ఆయనే కూర్చుని సొంతంగా రాశారు, నాకు చూపించలేదు.

"ఏం మారింది" అన్నదానికి రాసింది పెడుతున్నాను, మొదలు ఇలా ఉంది: "గత ఏడాది కాలంలో నేను వృత్తిపరంగా, వ్యక్తిగతంగా ఎంతో ఎదిగాను. నా నాయకత్వ లక్షణాలను మెరుగుపరచుకుని..."

తెల్లకాగితం
సెప్టెంబర్ 21, రాత్రి 10:30

కొట్టేయండి. ఫోరంలో మీరు రాసే పద్ధతిలోనే రాయండి.

సాగరతీరం
సెప్టెంబర్ 22, రాత్రి 11:15

మళ్లీ రాశాను: "పోయినేడాది కన్సల్టింగ్‌కి వెళ్తానని రాశాను. అప్పటికి నాకు తెలిసిన లక్ష్యం అదొక్కటే. ఆ తర్వాత 9 చిన్న ఫ్యాక్టరీలకు ఆదివారాలు వెళ్లి ఆవిరి లైన్లు చూశాను. 7 చోట్ల ఏం చేయాలో తేలింది. 2 చోట్లే చేయగలిగారు. మిగతా 5 చోట్ల ఆగింది ఇంజినీరింగ్ దగ్గర కాదు, డబ్బు దగ్గర. ఆ 5 ఫ్యాక్టరీలకు జవాబు తెలుసుకోవడానికే ఈ కోర్సుకు వస్తున్నాను."

తెల్లకాగితం
సెప్టెంబర్ 22, రాత్రి 11:20

పంపేయండి నాయనా.

సాగరతీరం
నవంబర్ 9, సాయంత్రం 7:10

రెండు ఐఐఎంల ఏడాది కోర్సులకి, ఇక్కడి ఎగ్జిక్యూటివ్ కోర్సుకి వేశాను. మిర్చియార్డు గారు చెప్పినట్టు బ్రాంచికి వెళ్లి ముందే అడిగాను, రెండు కోర్సులూ వాళ్ల జాబితాలో ఉన్నాయి. మూసీఒడ్డు గారి సలహా ప్రకారం ముందు మూడేళ్లు ఒక ఎస్కోలో పని, తర్వాత సొంతం అని రాశాను.

ఒక చోటి నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వచ్చే గురువారం, ఆన్‌లైన్‌లో, మధ్యాహ్నం 3 గంటలకి. అదే రోజు ఉదయం బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వార్షిక తనిఖీకి వస్తున్నారు, అది కాగానే ఇంటికి బయల్దేరాలి.

తెల్లకాగితం
నవంబర్ 9, రాత్రి 8:00

సంతోషం. వయసు ప్రశ్న మళ్లీ వస్తుంది. ఈసారి ఏం చెబుతారు? ఇక్కడే రాయండి.

సాగరతీరం
నవంబర్ 9, రాత్రి 9:25

మార్చిలో మా దగ్గర 23 ఏళ్ల అమ్మాయి ట్రైనీగా చేరింది. రెండో వారంలో నా దగ్గరికి వచ్చి "సార్, రాత్రి 2 నుంచి 5 మధ్య రెండు చిల్లర్లు నడుస్తున్నాయి, లోడ్ ఒకదానికే సరిపోతుంది" అంది. పదేళ్లుగా అలాగే నడుపుతున్నాం, ప్రొడక్షన్‌కి ఇబ్బంది అవుతుందని చెప్పి పంపేశాను. మర్నాడు మూడు నెలల రీడింగులు గ్రాఫ్ వేసి తెచ్చింది. నా క్యాబిన్‌లో నా కుర్చీ పక్కన కుర్చీ వేసుకుని గంటసేపు వివరించింది. ఆమె చెప్పిందే నిజం. ఆ రాత్రి షిఫ్ట్‌కి నేనే వచ్చి, రెండో చిల్లర్ ఆపి, ఉదయం 5 వరకు ఇద్దరం టెంపరేచర్ చూస్తూ కూర్చున్నాం. ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు. పొద్దున్న మీటింగ్‌లో ఆ గ్రాఫ్ ఆమె చేతే చెప్పించాను. మొదటి రోజు వినకుండా పంపేశానని కూడా అక్కడే చెప్పాను.

తెల్లకాగితం
నవంబర్ 9, రాత్రి 9:40

ఇదే చెప్పండి. ముందూ వెనకా ఇంకేమీ కలపకండి. గురువారం మధ్యాహ్నం భోజనం మాత్రం మానకండి.